బొరుగు ఏడ్చిన వేళలు

మొదటి రోజు

ఆఫీసువాళ్ళు ఇచ్చిన పెంపకపు పుస్తకంలో రోజుకు ఒక గడి ఉంది. గడి వెడల్పు రెండు వేళ్ళు. కుక్కపిల్ల ఎప్పుడు తిన్నది, ఎప్పుడు పడుకున్నది, ఎప్పుడు ఏడ్చింది అందులో రాయాలట. నా కోపం రెండు వేళ్ళ గడిలో పట్టేది కాదు. అందుకే నేను చూసుకునే విత్తన గదిలో పారేసిన కాగితాలు తెచ్చి, కుట్టుకుని, ఈ పుస్తకం వేరుగా పెట్టుకున్నాను. ఇది ఎవరికీ చూపించను.

పిల్ల పేరు బొరుగు. తెల్లగా, గుప్పెడంత ఉంటుంది, ఎత్తుకుంటే బరువే తెలియదు. పైన పంపుషెడ్డులో పుట్టింది. దీని తల్లి రాత్రంతా శనగచేను కాపలా కాసి, తెల్లవారకముందే మాతోపాటు లిఫ్టులో కిందికి దిగేది. మొన్న దిగలేదు. ఎండెక్కాక పైన చిక్కుకున్న ప్రాణి ఏమవుతుందో నాకు రాయాలని లేదు. షెడ్డులో తొట్టి కింద నీళ్ళ మడుగులో దూరిన ఈ ఒక్క పిల్ల మాత్రం బతికింది.

"కిందికి తీసకపో సుంకులక్కా. విత్తనాల కాడ ఎలుకలన్నా పడతాది," అన్నాడు పంపు చూసే మద్దిలేటి.

ఎలుకల మాట సాకు. ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

ఈ నాపరాళ్ళ గనిలోకి జనం దిగేనాటికి నాకు పదిహేడేళ్ళు. అప్పటినుంచీ రాత్రి పైకెళ్ళి సేద్యం చేసుకోవడం, పగలు కిందికొచ్చి పడుకోవడం. ఇప్పటి పిల్లలకు రాత్రి అంటే పనిపూట, పగలు అంటే పడకపూట. నలభై ఒక్క ఏళ్ళలో ఈ ఆఫీసుకు ఒక్క అర్జీ పెట్టలేదు నేను. కుక్కపిల్ల కోసం మొదటిది పెడితే ఇరవై మూడు నిబంధనలు అచ్చేసి ఇచ్చారు. అందులో పద్దెనిమిదోది చాలు, ఒళ్ళు మండటానికి. పదకొండో రోజు పడకపూట పిల్ల మూసిన గదిలో రెండు గంటలు ఒంటరిగా, చప్పుడు చేయకుండా పడుకోవాలట. చప్పుడు చేసినట్టు వీధిలో రెండు ఇళ్ళవాళ్ళు సంతకం పెడితే దాన్ని పైకి పంపేస్తారట. పంపేస్తారు అని ఎంత మెత్తగా రాశారో. ఇది చైత్రమాసం. పొద్దున ఎనిమిదికల్లా పైన ఇనుప గేటు పట్టుకుంటే అరచేయి తోలు దానికే అంటుకుంటుంది.

రెండో రోజు

అనుకున్నంతా అయింది. నిన్న నిబంధన ప్రకారమే దాని పెట్టెను గది మూల నేలమీద పెట్టాను. మేం పడుకునేది ఛాతీ ఎత్తు బండల మీద. జంతువులకు బండ ఎక్కే హక్కు లేదట. పడుకోమనే రెండో సైరన్ మోగాక కాసేపు కుయ్ కుయ్‌మని, తానే ఊరుకుంది. తల్లిని పోగొట్టుకున్న పిల్ల, ఆ మాత్రం ఏడవదా? కానీ గంట తర్వాత మళ్ళీ మొదలుపెట్టి లేపుడు సైరన్ మోగేదాకా ఆపలేదు. 

లేచేసరికి ఎదురింటి ఓబుళపతి మేష్టారు నా గుమ్మంలో నిలబడి ఉన్నారు. ముప్పై ఏళ్ళు పిల్లల్ని భయపెట్టిన గొంతు ఆయనది. రిటైరై ఏడేళ్ళయినా గొంతు మాత్రం రిటైర్ కాలేదు.

"సుంకులమ్మా, ఈ వీధిలో పన్నెండు కొంపలుండాయి. అందరూ రాత్రంతా చేన్లో ఒళ్ళు హూనం చేసుకోని వచ్చి పండుకుంటారు. నీ కుక్క ఒక్కదానికోసం అందరం మేలుకోవల్నా?"

"కుక్క కాదు మేష్టారూ, పిల్ల. ముప్పై దినాల పిల్ల."

"పిల్ల అయినా నాదొక అర్జీ పోతాది ఆఫీసుకు. చెప్పకుండా పెట్టినానని అనుకోవద్దు."

చెప్పి మరీ పెట్టారు. అంతవరకు పెద్దమనిషే.

మూడో రోజు

నిన్న పనిపూట అంతా దీన్ని నిద్రపుచ్చే ఉపాయాలే చేశాను. సైరన్‌కు రెండు గంటల ముందే తిండి పెట్టాను. పడుకోబోయే ముందు వీధి చివర ఇసుక తొట్టి దాకా నడిపించి ఒంటికి పోయించాను. మద్దిలేటి చేత దాని తల్లి పడుకున్న గోనెసంచి తెప్పించి పెట్టెలో పరిచాను. సంచిలో ముక్కు దూర్చి అది ఒకటే వాసన చూసుకుంది. వేడినీళ్ళ సీసాకు పాత పంచె చుట్టి పక్కన పెట్టాను. టిక్కు టిక్కుమనే గడియారం ఒకటి గుడ్డలో చుట్టి, తల్లి గుండె అనుకుంటుందని, సంచి కింద దాచాను.

మొదట హాయిగా నిద్రపోయింది. గంటకు లేచి మళ్ళీ అదే ఏడుపు. ఆకలి ఏడుపు కాదు, భయం ఏడుపు కాదు. మెడ పైకి చాచి, పెట్టె గోడలు గీరుతూ ఏడుస్తుంది. నా తల పగిలిపోతోంది. ఈ రెండు నెలలుగా వీధిలో అందరికీ లేవగానే తలనొప్పే, అడిగితే నీళ్ళు ఎక్కువ తాగమంటాడు డాక్టరు.

మేష్టారి రెండో అర్జీ కూడా వెళ్ళింది.

నాలుగో రోజు

ఇవాళ మూడో అర్జీ చేతబట్టుకుని వచ్చిన మేష్టారితో పాటు నన్ను తిట్టడానికి ఇంకో నలుగురు వచ్చారు. వాళ్ళ తిట్లు నాకు లెక్క కాదు. కానీ ఒకావిడ పక్కింటి రమీజాను చూపించి ఒక మాటంది. "ఆ యమ్మ బిడ్డను చూడు. మూడు నెల్ల బిడ్డ. పడకపూట ఒక్కసారన్నా ఏడ్చిందా? పెంపకం అంటే అదీ."

రమీజా సిగ్గుపడింది. చంటిపిల్లలు బండమీదినుంచి దొర్లిపడతారని మాలో బాలింతలు ఆరు నెలలు నేలమీదే చాప వేసుకుని పడుకుంటారు. రమీజా కళ్ళకింద నల్లటి చారలు చూసి, "నీకు ఒంట్లో బాగుందా?" అని అడిగాను.

"లేస్తానే వాంతికొస్తాదక్కా. కాన్పు నీరసమంట. బిడ్డ మాత్రం బంగారు. లేపినా లేయదు."

నేనూ బిడ్డను మెచ్చుకున్నాను. బొరుగుతో, "చూసి నేర్చుకో," అని కూడా అన్నాను. ఆ మాట అన్నందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు. ఇది తర్వాత చేర్చిన వాక్యం.

ఐదో రోజు

నిబంధన గాలికొదిలేసి పెట్టెను నా బండ మీదికి ఎక్కించాను. నా తలగడ పక్కనే. చేయి పెట్టెలో వేసి పడుకున్నాను.

ఒక్క కుయ్ లేదు. లేపుడు సైరన్ మోగినా లేవలేదు, వెల్లకిలా పడుకుని కాళ్ళు నాలుగూ గాల్లోకి పెట్టి నిద్రపోతోంది. పక్కన మనిషి ఉంటే చాలు, ఇంకే వేషాలూ అక్కర్లేదు అని గర్వంగా వీధంతా చెప్పుకున్నాను.

అదే నా నోటి దురద. పనిపూట సగం కాకముందే ఆఫీసునుంచి తాఖీదు వచ్చింది. పడక విభాగం అధికారి సుదర్శనం గారు స్వయంగా సంతకం చేశారు. జంతువు నేలమీదే ఉండాలి, ఇంకోసారి బండమీద కనిపిస్తే పదకొండో రోజు దాకా ఆగక్కర్లేదట. ఊళ్ళో నీళ్ళ గొట్టం పగిలితే నాలుగు రోజులకు కదిలే ఆఫీసు ఇది. కుక్కపిల్ల ఒక మెట్టు ఎక్కితే నాలుగు గంటల్లో కదిలింది.

ఆరో రోజు

కుక్క బండ ఎక్కకూడదన్నారు గానీ మనిషి నేలమీద పడుకోకూడదని అనలేదు. చాప వేసుకుని దాని పక్కనే పడుకున్నాను. పెట్టె తలుపు తీసి నా చంకలోకి తీసుకున్నాను.

అయినా ఏడ్చింది. సరిగ్గా అదే వేళకు. చంకలోంచి పెనుగులాడి నా మొహం మీదికి ఎక్కి, అక్కడినుంచి బండ వైపు ఎగబాకబోయింది. నాకు కోపమొచ్చి ఒక్కటి వేశాను. తర్వాత నేనూ ఎప్పుడు పడిపోయానో తెలియదు. లేచేసరికి నాలుక పిడచకట్టి ఉంది, తల మీద ఎవరో రోలు పెట్టినట్టుంది. గోడ పట్టుకుని నిలబడ్డాను. వయసు మీద పడుతోందనుకున్నాను.

ఏడో రోజు

ఇది కొంచెం నెమ్మదిగా రాయాలి.

ఆఫీసు పుస్తకంలో గడులు నింపుతుంటే ఒకటి కనబడింది. ఏడుపు మొదలైన వేళ ప్రతిరోజూ ఒకటే. రెండో సైరన్ తర్వాత గంటా ఐదు, గంటా పది. ఆగిన వేళా ఒకటే, లేపుడు సైరన్. ఆకలి అయితే వేళ మారుతుంది, భయమైతే మారుతుంది. ఇంత కచ్చితంగా ఏడవడానికి కుక్కకు గడియారం చూడటం వచ్చా?

అందుకని నిన్న నేలమీద పడుకుని, నిద్రపోకుండా, రెక్క గిల్లుకుంటూ చూశాను. పైనుంచి గాలి దింపే తూము ముందు నా ఉతికిన చీర ఆరేసి ఉంది. మా ఊళ్ళో అందరూ బట్టలు అక్కడే ఆరేస్తారు, పెద్ద ఫ్యాను గాలికి గంటలో ఆరిపోతాయి. చీర ఊగుతోంది, ఫ్యాను మోత వినపడుతోంది, బొరుగు నిద్రపోతోంది. గంట గడిచింది. చీర ఆగిపోయింది.

మోత ఆగలేదు.

కాసేపటికి బొరుగు లేచి మెడ చాచి ఏడవడం మొదలుపెట్టింది. నేను బండ ఎక్కి తూములో చేయి పెట్టాను. గాలి లేదు. చెవి పెట్టాను, చప్పుడు లేదు. ఫ్యాను మోత నా వెనకనుంచి వస్తోంది. గోడమీద సైరన్ మోగే స్పీకరు ఉంది కదా, దానికి చెవి ఆనించాను. జుంయ్‌మని నిండుగా, నలభై ఏళ్ళుగా నేను వింటూ నిద్రపోయిన మోత, ఆ పెట్టెలోంచి వస్తోంది.

మనుషులు మోత విని మోసపోతారు. కుక్కపిల్లకు మోతతో పనేముంది, దానికి కావలసింది గాలి. చెడ్డ గాలి కిందికి దిగి నేలమీద నిలుస్తుంది, మా వీధి అసలే పల్లం. బండమీద పడుకున్నవాడికి తలనొప్పితో పోతుంది. నేలమీద పడుకున్నదానికి...

అప్పుడు తట్టింది. పక్కింటి తలుపు కాలితో తన్నాను. రమీజా చాపమీద నోరు తెరుచుకుని పడి ఉంది, బిడ్డ పక్కనే ఉంది. బిడ్డను ఎత్తితే చేతులు గుడ్డపీలికల్లా వేలాడాయి. బండమీదికి ఎక్కించి, అరికాళ్ళు రుద్ది, పేరు పెట్టి పిలిచి, చివరికి చెంపమీద కొట్టాను. మూడు నెలల బిడ్డ చెంపమీద కొట్టాను. ఎంతసేపటికో ఒక్క వెక్కు వచ్చింది. ఆ తర్వాత ఏడ్చింది. వీధి వీధంతా లేచి వచ్చేంత ఏడ్చింది. ఆ ఏడుపుకు రమీజా కూడా కళ్ళు తెరిచింది.

అందరికంటే ముందు వచ్చింది ఓబుళపతి మేష్టారు, నన్ను తిట్టడానికి. తూములో చేయి పెట్టి చూడమన్నాను. చూశారు. తర్వాత స్పీకరు దగ్గరికి వెళ్ళి విన్నారు. గోడనుంచి దాన్ని రెండు చేతులతో పెరికి నేలకేసి కొట్టారు.

ఎనిమిదో రోజు

పనికి ఎవరూ పోలేదు. అందరం ఆఫీసుకు పోయాం. సుదర్శనం గారు చల్లటి గదిలో కూర్చుని ఉన్నారు. ఆయన వెనక గోడకు పెద్ద షీల్డు ఉంది, విద్యుత్ పొదుపులో అయిదు కింది ఊళ్ళలో మా ఊరికి ప్రథమ స్థానం.

"కూర్చోండమ్మా. ఇది మీరనుకున్నంత పెద్ద విషయం కాదు. పడకపూట కొన్ని గంటలు ఫ్యాను ఆపితే కరెంటు ఆదా అవుతుంది. చప్పుడు లేకపోతే మీకు నిద్ర పట్టదని నిపుణులు చెప్పారు. మీ మంచికోసమే ఆ రికార్డింగ్ వేయించాం."

"మా మంచికోసం మోత వేసినారు. గాలి యాడ వేసినారు సామీ?"

"గదిలో ఉన్న గాలి ఆ గంటలకు సరిపోతుందని లెక్క కట్టే చేశామమ్మా."

"ఎవురు పండుకుంటే సరిపోయే లెక్క అది? బండ మీద పండుకున్నోళ్ళకా, నేలమీద పండుకున్నోళ్ళకా?"

ఆయన కాగితాలు తిరగేశారు. నేలమీద మనుషులు పడుకుంటారని ఆయన కాగితాల్లో లేదు. బాలింతల చాప ఏ గడిలోనూ లేదు. ఈ ఊళ్ళోనే పుట్టి, చిన్నప్పుడు ఆ చాపమీదే పడుకుని పెరిగిన మనిషి ఆయన. రమీజా బిడ్డను తెచ్చి ఆ బల్లమీద, కాగితాల మీద పడుకోబెట్టింది. ఆ బిడ్డ వైపు కాక, కింద నలిగిపోతున్న కాగితాల వైపు చూశాడు ఆ మనిషి. నా జన్మలో ఒకరి మీద చేయి చేసుకోవాలని అంతగా ఎప్పుడూ అనిపించలేదు.

"మూడు అర్జీలు పెట్టినాను నేను, చప్పుడైతాందని," అన్నారు మేష్టారు. "మూడిట్లో ఒకదానికన్నా ఎవురన్నా వచ్చి చూసింటే ఈ బిడ్డకు ఈ గతి పట్టేది కాదు గదా."

ఫ్యాను మళ్ళీ తిరుగుతోంది. 'సాంకేతిక సర్దుబాటు పూర్తయింది' అని నోటీసు అంటించారు. క్షమించమని ఒక్క మాట లేదు. డాక్టరు బిడ్డను చూసి పరవాలేదన్నాడు, ఇంకో వారం గమనించాలన్నాడు.

తొమ్మిదో రోజు

బొరుగు నేలమీద, తన పెట్టెలో, గోనెసంచిలో మొహం పెట్టుకుని సైరన్ దాకా నిద్రపోయింది. నేను బండమీదనుంచి చేయి కిందికి వేలాడేసి ఉంచాను. మధ్యలో ఒకసారి లేచి వేలు నాకి మళ్ళీ పడుకుంది.

ఆ సంతోషం మిగలనిచ్చారా? సాయంత్రం తాఖీదు వచ్చింది. పడకపూట వీధిలో పరుగెత్తి, తలుపులు తన్ని, ప్రజలను భయభ్రాంతులకు గురిచేసినందుకు నాకు హెచ్చరిక. జంతువు విషయంలో పద్దెనిమిదో నిబంధన యథాతథంగా అమలవుతుంది. పదకొండో రోజు అధికారి స్వయంగా వచ్చి పరీక్షిస్తారు.

అత్త మీద కోపం దుత్త మీద చూపించడం అంటే ఇదే. నన్నేమీ చేయలేరు, జనం చూస్తున్నారు. అందుకని గుప్పెడు పిల్లమీద పడ్డారు. బిడ్డను కాపాడినదానికి వీళ్ళిచ్చే బహుమానం చైత్రమాసపు ఎండ.

పదో రోజు

ఒంటరిగా ఉండటం నేర్పుతున్నాను. గది బయటికి వెళ్ళి తలుపు మూసి, పది లెక్కపెట్టి, ఏడవకముందే లోపలికి వచ్చి ఒక పల్లీ గింజ పెడతాను. తర్వాత ఇరవై. తర్వాత యాభై. వెళ్ళినా తిరిగి వస్తాను అనే నమ్మకం దానికి కలగాలి. ఒకసారి వెళ్ళిన తల్లి తిరిగి రాలేదు, మరి దానికి నమ్మకం ఒక్క రోజులో కలుగుతుందా? పనిపూట ముగిసేసరికి పావుగంట దాకా వచ్చింది. పరీక్ష రెండు గంటలు. నెల పట్టే పని ఇది. ఆ నిబంధన రాసినవాడు జన్మలో ఏ పిల్లనూ నిద్రపుచ్చి ఉండడు.

తినబుద్ధి కాలేదు.

పదకొండో రోజు

రెండో సైరన్ తర్వాత సుదర్శనం గారు వచ్చారు, చేతిలో వైరు బుట్టతో. బొరుగును తీసుకుపోవడానికి బుట్ట ముందే తెచ్చుకున్నారు. నన్ను గది బయట నిలబెట్టి తలుపు మూయించారు. నేను తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాను.

పావుగంట నిశ్శబ్దం. తర్వాత చిన్నగా గీరిన చప్పుడు. తర్వాత ఒక కుయ్. తర్వాత మొదలుపెట్టింది నా తల్లి, వీధి ఈ చివరనుంచి ఆ చివరిదాకా మారుమోగేలా. గాలికోసం కాదు. గాలి నిండుగా ఉంది, నా చీర చెంగు ఊగుతూనే ఉంది. ఒంటరిగా ఉన్నానని ఏడ్చింది, అంతే. ఏ పిల్లయినా ఏడ్చే ఏడుపే.

"సరే. ఇద్దరి సంతకాలు చాలు," అన్నారు సుదర్శనం గారు. కాగితం తీసుకుని మొదట రమీజా తలుపు కొట్టారు.

రమీజా బిడ్డను భుజాన వేసుకుని వచ్చింది. బిడ్డ నిద్రపోతోంది.

"కుక్క ఏడుస్తోంది. వినపడుతోంది కదమ్మా?"

"మా బిడ్డ సార్ ఏడ్చేది."

"మీ బిడ్డ నిద్రపోతోంది."

"ఇప్పుడే నిద్రపోయింది సార్," అని తలుపు వేసుకుంది.

పక్క తలుపు తెరుచుకుంది. నాలుగో రోజు నాకు పెంపకం నేర్పిన ఆవిడ ఇల్లు అది. "కుక్కనా? మాకు ఫ్యాను మోత తప్ప ఏం వినపడల్యా సార్," అంది. ఆ తర్వాత తలుపులోనూ అదే మాట. ఆ తర్వాత తలుపులోనూ అదే. లోపల బొరుగు గొంతు చించుకుంటూనే ఉంది. ఒక ఇంట్లో అయితే ముసలాయన చెవి దగ్గర చేయి పెట్టుకుని, చాలాసేపు శ్రద్ధగా విని, "ఫ్యానే సార్. బాగా తిరుగుతాంది," అన్నాడు.

చివరికి ఓబుళపతి మేష్టారి తలుపు. సుదర్శనం గారు ఆ మూడు అర్జీలూ తీసి చూపించారు. ఆయన చేతిరాతే, కింద ఆయన సంతకమే.

"మేష్టారూ, మీరు చదువుకున్నవారు. మీరు చెప్పండి. ఇది ఏమిటి, వినపడుతున్నది?"

మేష్టారు అర్జీలు తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, మూడూ మొదటినుంచి చివరిదాకా చదివారు.

"ఇవి రాసినప్పుడు నాకు చెవులు సరిగ్గా పనిచేయలేదు సార్. మోత వినపడితే గాలి వస్తాందనుకునే చెవులు. వాటిని నమ్మి ఇప్పుడు సంతకం ఎట్లా పెట్టేది?"

"ఇప్పుడు అరుస్తోంది కదా, నా చెవులకు వినపడుతోంది!"

"మీకు వినపడితే మీరు పెట్టుకోండి సార్. సంతకం వీధివాళ్ళదే చెల్లేది గదా, మీరూ ఈ వీధిలో నేలమీద పండుకుంటానని రాసి పెట్టండి."

సుదర్శనం గారు వీధి రెండు వైపులా చూశారు. మేష్టారిది తప్ప తలుపులన్నీ మూసి ఉన్నాయి, ఒక్క తలుపు వెనకా ఎవరూ పడుకోలేదని ఆయనకూ తెలుసు. ఖాళీ బుట్ట పట్టుకుని వెళ్ళిపోయారు. పై అంతస్తు ఆఫీసుకు పోయే లిఫ్టు గేటు మూసుకున్న చప్పుడు, అది కదిలిన చప్పుడు వినపడింది. నేను తలుపుకు వీపు ఆనించి అట్లాగే నిలబడ్డాను.

మేష్టారు తన గుమ్మంలోంచి విసుగ్గా నా వైపు చూశారు.

"ఇంకా నిలబడుకోని ఏం చూస్తాండావు సుంకులమ్మా? పావుగంట నుంచి గొంతు పోయేటట్టు ఏడుస్తాంది. లోపలికి పోయి ఎత్తుకో దాన్ని."

తలుపు తీశాను.